దసరాకి మా ఆవిడ పుణె వస్తోంది, ఒక్క ఇండక్షన్ స్టవ్ మీద ఏం వండాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఉద్యోగం పుణెలో, హింజవడీ వైపు ఉంటాను. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. మా ఆవిడ అనంతపురం జిల్లాలో గవర్నమెంటు టీచరు కావడంతో ప్రస్తుతానికి చెరో ఊళ్లో కాపురం. దసరా సెలవులకి తనే ఇక్కడికి వస్తోంది. గుంతకల్లులో రాత్రి రైలెక్కి పొద్దున్నే పుణెలో దిగుతుంది. పండగ వెళ్లేదాకా ఉంటుంది.

తను అక్కడ చిన్న గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. తెల్లారగట్ట లేచి బాక్సు కట్టుకుని, బస్సెక్కి బడికి పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ వండుకుంటుంది. ఇక్కడున్న ఈ కొద్ది రోజులైనా తను గరిటె పట్టకూడదని నా కోరిక. హోటలుకి తీసికెళ్లడం తేలికే, కానీ నా చేత్తో వండి పెట్టాలని ఉంది.

నా దగ్గరున్న సామాను: ఇండక్షన్ స్టవ్ ఒకటి, 3 లీటర్ల కుక్కరు, లోపల పెట్టే రెండు గిన్నెలు, అడుగు చదునుగా ఉన్న మూకుడు, ఒక దోశ పెనం, చిన్న మిక్సీ. ఫ్రిజ్ ఉంది.

నాకు వచ్చిన వంటలు: అన్నం, ముద్దపప్పు, బంగాళదుంప వేపుడు, టమాటా పచ్చడి. అమ్మ ఫోన్లో చెబుతూ ఉంటే ఆనపకాయ పులుసు కూడా పెట్టగలను. దసరా తొమ్మిది రోజులూ తను మాంసం, గుడ్డు ముట్టదు. ఉల్లి, వెల్లుల్లి తింటుంది.

నా టెన్షన్ ఏంటంటే, మా ఇంట్లో పులుసులో బెల్లం పడాల్సిందే, కూరలో కొబ్బరి ఉండాల్సిందే. వాళ్లింట్లో సంగటి, జొన్నరొట్టె, ఉగ్గాని. కారం కూడా బాగా ఎక్కువ. పెళ్లయ్యాక మా ఇంట్లో మొదటిసారి పులుసన్నం తిన్నప్పుడు “తియ్యగా ఉంది” అని నవ్వింది, అంతే. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇప్పుడు నేను వాళ్ల వంటలు నేర్చుకుని పెట్టాలా, నాకొచ్చినవే పెట్టాలా? సీమ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

పోపులడబ్బా

బాబూ, వంటకం సంగతి తర్వాత. ముందు ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి. “ఏం వండమంటావు” అని అడక్కండి, “ఏదైనా పర్లేదు” అనే సమాధానం వస్తుంది. “నువ్వు ఏం తినవు” అని అడగండి. కాకరకాయ తినదా, మెంతి పడదా, ఇంగువ వాసన గిట్టదా, పుల్లటి పెరుగు వద్దంటుందా, అన్నీ వరసగా చెప్పేస్తుంది. మా పెద్దబ్బాయి పెళ్లయిన కొత్తలో మా కోడలికి కొబ్బరినూనె వాసన పడదని మాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. పాపం, మొహమాటానికి తింటూనే ఉంది. ఆడపిల్లలు అత్తింట్లో కడుపు మాడ్చుకునైనా మాట దాచుకుంటారు. మీరు ముందే అడిగి తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

గుత్తికోట

తమ్ముడూ, నాది గుత్తి, మా ఆయనది రాజమండ్రి. మీ ఇంటి సంగతి మా ఇంట్లో ఎప్పుడో జరిగింది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు వంటకాల పేర్లు అడుగుతున్నావు. నేనైతే పూట చూసి ఎంచుకోమంటాను. రాత్రంతా రైల్లో వచ్చిన మనిషికి పొద్దున వేసే ఆకలి ఒక రకం. స్నానం చేసి, కాసేపు పడుకుని లేచాక వేసే ఆకలి ఇంకో రకం. సాయంత్రం ఊరు తిరిగొచ్చి కాళ్లు లాగుతుంటే నాలుగు కూరలు ఎదురుగా పెట్టినా తినబుద్ధి కాదు. ఒక్కో పూటకి ఒక్కదాని మీద మనసు పెట్టు, తక్కినవి మామూలుగా ఉండనీ. ఇంకో షరతు. వడ్డించే వేళకి నువ్వు స్టవ్ దగ్గర ఉండకూడదు, తన పక్కన కూర్చుని తినాలి. ఇన్నాళ్లూ ఒక్కతే తింటోందని నువ్వే రాశావు కదా.

రైలు దిగిన పొద్దున ఉగ్గాని చెయ్యి. ఇది మా సీమ టిఫిను, పది నిమిషాల పని. ఇద్దరికి 200 గ్రాముల బొరుగులు (మరమరాలు) సరిపోతాయి. ముందు రోజు రాత్రే పుట్నాలు 4 చెంచాలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క కలిపి మిక్సీలో పొడి కొట్టి డబ్బాలో పెట్టుకో. ఉల్లిపాయలు రెండు, పచ్చిమిర్చి నాలుగు తరిగి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున మూకుట్లో నూనె వేసి ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, కరివేపాకు వేయించు. ఉల్లి, మిర్చి వేసి మెత్తబడ్డాక పసుపు, ఉప్పు వెయ్యి. బొరుగుల్ని నీళ్లలో ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి మూకుట్లో వెయ్యి. నీళ్లు మిగిలితే ముద్దయిపోతుంది, పిండడంలోనే ఉంది అంతా. పొడి చల్లి, ఒక్కసారి కలిపి స్టవ్ ఆపేసి నిమ్మకాయ పిండు. మా వైపు ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే, కానీ ఆ పొద్దున బజ్జీల జోలికి పోకు. నువ్వు నూనె దగ్గర, తను కంచం దగ్గర అయిపోతారు. బజ్జీలు ఇంకో సాయంత్రం చేసుకోండి.

మధ్యాహ్నం మాత్రం మీ ఇంటి భోజనం పెట్టు. అంతా తనకి అలవాటైన వంటలే చేయాలని నీకు అనిపిస్తుంది, ఆ ఆలోచన వద్దు. కోడలిగా మీ ఊరు వెళ్లినప్పుడు పదిమందిలో కూర్చుని తింటుంది. కూర ఎక్కడ నచ్చిందో, ఎక్కడ నచ్చలేదో చెప్పే వీలుండదు. నీ దగ్గరైతే “ఇందులో బెల్లం తగ్గించు” అని నోరారా అంటుంది. నాకు గోదావరి వంట మీద ఇష్టం పుట్టింది అత్తగారింట్లో కాదు. మేం హైదరాబాదులో వేరే కాపురం పెట్టాక మా ఆయన చేసిన అరటికాయ ఆవపెట్టిన కూరతో పుట్టింది. ఈ కూరలో బెల్లం లేదు, కొబ్బరి లేదు, ఆవ ఘాటు ముక్కుకి తగులుతుంది. కారానికి అలవాటుపడ్డ నాలుక దాన్ని వెంటనే పట్టుకుంటుంది. మీ కోనసీమ వంటల్లో తన నోటికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే అని నా నమ్మకం.

ఎలాగంటే, పచ్చి అరటికాయలు మూడు చెక్కు తీసి ముక్కలు కొయ్యి. పసుపు, ఉప్పు, పలచటి చింతపండు పులుసు వేసి ఉడికించు. ముక్క వేలితో నొక్కితే నలగాలి కానీ గుజ్జు కాకూడదు. నీళ్లు వార్చి పక్కన పెట్టు. ఒక చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి, అర చెంచా నానిన బియ్యం కొంచెం చన్నీళ్లతో మెత్తగా నూరు. బియ్యం వేస్తే చేదు విరుగుతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు వేసి ముక్కలు కలిపి, స్టవ్ ఆపి దించెయ్. వేడి కాస్త తగ్గాకే ఆవముద్ద కలపాలి. స్టవ్ మీద ఉండగా వేస్తే చేదెక్కి ఘాటు పోతుంది. కలిపి మూతపెట్టి కాసేపు వదిలేస్తే ఘాటు ముక్కలకి పడుతుంది.

దాని పక్కన నీకు బాగా వచ్చిన ముద్దపప్పు, నెయ్యి, మీ అమ్మగారి ఆవకాయ, పెరుగు. ఇంకేం వద్దు. పెరుగు ముందు రాత్రే తోడుపెట్టు.

ఒకే స్టవ్ ఉన్నప్పుడు వరస ముఖ్యం. ముందు కుక్కర్లో కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె పెట్టు. కందిపప్పు అరగంట నానితే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. కుక్కరు దించాక ఆవిరి దిగడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో స్టవ్ ఖాళీ, కూర అయిపోతుంది. కూర చల్లారేసరికి కుక్కరు మూత వస్తుంది. పప్పు ఎనిపి ఉప్పు వేసుకో. ఇలా చేస్తే అన్నీ ఒకేసారి కంచంలోకి వస్తాయి.

ఆ రాత్రికి మిరియాల చారు, బంగాళదుంప వేపుడు, పెరుగన్నం. టమాటాలు రెండు, ఉసిరికాయంత చింతపండు. మిరియాలు, జీలకర్ర చెరో చెంచా, వెల్లుల్లి నాలుగు రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యి. చారు ఒక్క పొంగు రాగానే దించు, మరిగించి మరిగించి వదలకు, వాసన పోతుంది. ప్రయాణం బడలిక ఉన్న మనిషికి వేడి చారన్నం చేసే మేలు ఏ బిర్యానీ చెయ్యదు.

కారం సంగతి. కూరల్లో కారం పెంచకు. నువ్వు తినలేవు, తను నిన్ను చూసి బాధపడుతుంది. ఉల్లికారం విడిగా చేసి సీసాలో పెట్టు. ఎండుమిర్చి ఎనిమిది నూనెలో వేయించి, ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం చింతపండు, ఉప్పు వేసి మిక్సీలో గరుకుగా తిప్పు. అన్నంలోకి, దోశ మీదకి, దేనికైనా పనికొస్తుంది. తనకి కావలసినంత తనే వేసుకుంటుంది.

సంగటి మాత్రం ఈసారికి వద్దు. చిన్న కుక్కర్లో గెలికితే ఇండక్షన్ గాజు మీద గిన్నె గిర్రున తిరుగుతుంది, ఉండలు కడుతుంది. పైగా వాళ్లమ్మ చేతి సంగటి రుచి తన నాలుక మీద ఉంటుంది. దానితో నువ్వు పోటీపడాల్సిన పని లేదు.

షోలాపూర్ సాలెమగ్గం

అన్నా, మేం షోలాపూర్ పద్మశాలీలం. తాతల కాలంలో మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. ఇప్పుడు నేను పుణెలోనే, వాకడ్‌లో ఉంటున్నా. సామాను ఎక్కడ దొరుకుతుందో చెప్తా.

ఇక్కడ బొరుగుల్ని కుర్మురే లేదా చురమురే అంటారు. భేళ్‌కి వాడే పలచటి రకం తీసుకోకు, నీళ్లు తగలంగనే కరిగిపోతది. కొంచెం లావుగా, గట్టిగా ఉన్న రకం అడుగు. అదైనా సరే నానబెట్టొద్దు, ముంచి వెంటనే పిండెయ్. పుట్నాలు కావాలంటే ‘డాళే’ అను, ఏ కిరాణా కొట్లోనైనా ఇస్తారు. గోంగూర పప్పు చెయ్యాలనుకుంటే ‘అంబాడీ’ అని అడుగు. అన్ని రోజులూ దొరకదు. మండైలో, అంటే కూరగాయల మార్కెట్లో గానీ, వారపు సంతలో గానీ పొద్దున్నే పోతే దొరికే అవకాశం ఎక్కువ.

సంగటి బదులు నాదొక సలహా. మా వదిన, అంటే మీ ఇంటావిడ, జొన్నరొట్టె తినే ఊరి మనిషి కదా. పుణెలో జొన్నరొట్టె అంటే జ్వారీచీ భాకరీ. ప్రతి పేటలో ‘పోళీ-భాజీ కేంద్ర’ అని చిన్న కొట్లు ఉంటయి, ఇంటి ఆడవాళ్లే నడుపుతరు. సాయంత్రం పోతే పెనం మీంచి తీసిన వేడి రొట్టెలు కట్టిస్తరు. మా షోలాపూర్ జిల్లా మంగళ్‌వేఢా జొన్నకి ఇక్కడ మంచి పేరుంది, ఆ పిండితో చేస్తే తెల్లగా, తియ్యగా ఉంటది. రొట్టెలు కొనుక్కో, కూర ఒక్కటి నువ్వు చెయ్. వంకాయ నాలుగు పక్షాలుగా చీల్చి, వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, కారం, చింతపండు నూరి కూరి కుక్కర్లో ఒక్క విజిల్ రానిస్తే చాలు. పక్కకి షోలాపూర్ శెంగా చట్నీ పొడి కొను. పల్లీలు, వెల్లుల్లి, ఎర్రకారం దంచి చేస్తరు, నూనె తేలుతుంటది. సీమ నోటికి అది కొత్తగా అనిపించదని గ్యారంటీ.

చిత్రావతి

గుత్తికోట అక్క చెప్పినవన్నీ నాకు నచ్చాయి, సంగటి వద్దన్న మాట తప్ప. నేను ధర్మవరం మనిషిని, బెంగళూరులో ఇండక్షన్ మీదే చేస్తాను. అక్క అన్నట్టు గాజు మీద గెలికితే గిన్నె తిరిగే మాట నిజమే. అందుకే సంగటిని స్టవ్ మీద గెలకం. కిందికి దించి, గుడ్డ వేసి పాదాల మధ్య అదిమిపెట్టి గెలుకుతాం. మా అమ్మమ్మ కట్టెల పొయ్యి నాడూ ఇలాగే చేసేది.

అర గ్లాసు బియ్యం నానబెట్టి, మూడున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి, ఐదారు విజిల్స్ రావాలి. మూత తీసి మళ్లీ సన్నని వేడి మీద పెట్టి, ఒక గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పొయ్యండి, కలపొద్దు. కర్రతో కుప్ప మధ్యలో ఒక గుంత చేసి, మూత వదులుగా పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. ఆ గుంతలోంచి గంజి పైకి ఉబుకుతూ పిండిని ఉడికిస్తుంది. అప్పుడు దించి, చపాతీ కర్రతో అంచుల్నుంచి మధ్యలోకి బలంగా గెలకండి. చేతులు తడి చేసుకుని ముద్దలు చెయ్యండి. పుణెలో రాగిపిండి ‘నాచణీ పీఠ్’ పేరుతో దొరుకుతుంది.

సంగటిలోకి ఊరిబిండి నూరండి. వేరుశెనగలు వేయించి పొట్టు తీసి, వేయించిన ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పుతో బరకగా తిప్పి, చివర పచ్చి ఉల్లిపాయ వేసి ఒక్క తిప్పు తిప్పాలి. వాళ్లమ్మ చేతి రుచి రాకపోవచ్చు. కానీ మా పల్లెల్లో సంగటి గెలకడం బలం కావాల్సిన పని, భర్త కూర్చుని గెలికి పెట్టాడంటే ఏ సీమ ఆడబిడ్డ అయినా పదిమందికి చెప్పుకుంటుంది. మొదటి రోజు వద్దు, మూడో రోజో నాలుగో రోజో పెట్టండి.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్. పోపులడబ్బా అమ్మగారు చెప్పినట్టు రాత్రి ఫోన్లో “ఏం తినవు” అని అడిగాను. మెంతికూర, పచ్చి కొబ్బరి అంది. పచ్చి కొబ్బరి! మా ఇంట్లో అది లేని కూర ఉండదు. పెళ్లి దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే “అత్తయ్య అంత ప్రేమగా తురిమి వేస్తుంటే ఎలా చెప్పను” అంది. అమ్మకి చెప్పాను. ఈసారి ఊరెళ్లినప్పుడు కొబ్బరి వెయ్యకుండా ఒక గిన్నె విడిగా తీస్తానంది.

మొదటి రోజు గుత్తికోట అక్క చెప్పినట్టే: ఉగ్గాని, అరటికాయ ఆవకూర భోజనం, రాత్రి చారు. అక్కా, మీరు రాసిన ఉగ్గాని పొడిలో ఎండుకొబ్బరి ఉంది, అది మానేస్తే రుచి తగ్గుతుందా? రెండో సాయంత్రం భాకరీ, వంకాయ. సంగటి విషయంలో చిత్రావతి గారి మాటే వింటాను, ఈ ఆదివారం ఒకసారి చేసి చూసుకుంటాను. ఇంకో రెండు సందేహాలు. పండగ రోజు తీపి ఏం చెయ్యాలి? బూరెలు చేసే ధైర్యం నాకు లేదు. రెండోది, పొద్దున స్టేషనుకి నేనే వెళ్తాను. తిరిగొచ్చేసరికి గంటన్నర పైనే పడుతుంది. ఉగ్గాని ముందే చేసి పెట్టి వెళ్లొచ్చా?

గుత్తికోట

ఉగ్గాని ముందే చెయ్యకు, చల్లారితే రబ్బరులా సాగుతుంది. పొడి, తరిగిన ఉల్లి సిద్ధంగా ఉంటే తను స్నానానికి వెళ్లినప్పుడు మొదలుపెట్టు, బయటికి వచ్చేలోగా అయిపోతుంది. ఎండుకొబ్బరి మానెయ్, ఏమీ తగ్గదు. మా పుట్టింట్లో అసలు వెయ్యరు. షోలాపూర్ తమ్ముడి వంకాయలోనూ ఎండుకొబ్బరి ఉంది. పచ్చి కొబ్బరి పడని వాళ్లలో కొందరు ఎండుది తింటారు, కొందరు తినరు. అడిగి చూడు, లేకపోతే నువ్వులు పెంచు. కందిపప్పు స్టేషనుకి వెళ్లేముందే నానబెట్టి వెళ్లొచ్చు, తిరిగొచ్చాక ఆ నీళ్లు పారబోసి ఫ్రిజ్‌లో పెట్టుకో.

తీపికి స్టవ్ వెలిగించొద్దు. ఆత్రేయపురం మీ పక్కనే కదా, 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది ఆ పూతరేకులకి. మీ అమ్మగారిని ఒక అట్టపెట్టె పంపమను. బెల్లం, నెయ్యి వేసినవి రోజుల తరబడి నిలవుంటాయి. డ్రైఫ్రూట్స్ రకం తీసుకునేటట్టయితే కొబ్బరి లేకుండా చూడమని చెప్పు. అవి సమయానికి చేరకపోతే పుణెలో పురణ్ పోళీ కొను, మా సీమ ఓళిగల్లాగే, అంటే మీ బొబ్బట్లలాగే ఉంటుంది. పక్కన నెయ్యి వేడి చేసి పొయ్యి.

బజ్జీల మిరపకాయలు కొనేటప్పుడు ‘భావ్‌నగరీ’ అని అడుగు, పొడుగ్గా, లావుగా ఉంటాయి, కారం తక్కువ. నీ మూకుడు చిన్నది కాబట్టి ఒక్కో వాయికి మూడే వెయ్యి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి బజ్జీలు నూనె పీలుస్తాయి.